సైరన్ తీసేసిన పాట

అనిరుధ్ డప్పును గ్యాస్ పొయ్యి మీద పెట్టి కాచిన రోజున, కొడుకు బ్యాండు మీద శ్రీసత్యకు మిగిలి ఉన్న కాస్త జాలీ పోయింది.

డప్పుకు మంట చూపించడం తప్పని కాదు. తణుకు దగ్గర తన పుట్టింటి ఊళ్ళో డప్పులవాళ్ళు గడ్డిమంట చుట్టూ గొంతుక్కూర్చుని, తోలు మీద వేళ్ళతో తట్టి చూసుకుంటూ కాచుకోవడం ఆవిడ చిన్నప్పుడు చూసిందే. అయితే అనిరుధ్ తెచ్చింది ఆన్‌లైన్లో కొన్న డప్పు. దానికి తోలు లేదు. తెల్లటి ప్లాస్టిక్ మూత, బిగించుకోవడానికి చుట్టూ మరలు. ఆ కుర్రాడు ఎక్కడో వీడియోలో డప్పు కాచడం చూశాడు. చూసింది చూసినట్టు చేశాడు. ఆవిడ పెరట్లో బట్టలు తీసి వచ్చేసరికి వంటిల్లంతా కమురు కంపు. డప్పు నడిమధ్య అప్పడంలా పొంగి ఉంది.

"సౌండ్ బాగా వస్తాదని, ఆంటీ" అన్నాడు అనిరుధ్.

"వచ్చింది కదా నాయనా. పెరట్లోకి వినపడింది" అని కిటికీ తలుపులు తెరిచింది శ్రీసత్య.

ఆ బ్యాండు పేరు మట్టివేళ్ళు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పాట పుట్టకముందే దానికి పేరు పుట్టింది. పేరు వెనకాలే బొమ్మ, బొమ్మ వేసిన చొక్కాలు పుట్టాయి. నలుగురే మనుషులు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం నచ్చక వెనక్కి వచ్చేసిన తన కొడుకు కార్తీక్ గిటారు వాయిస్తాడు. వాళ్ళకి నాయకుడు కూడా వాడే. డప్పు అనిరుధ్‌ది. నగరంలో పాత ఊరు అనే పేట నుంచి వచ్చే సొహైల్ ఫ్లూటు ఊదుతాడు. గాజువాకలో ఉండే ధనశ్రీ పాడుతుంది. ఆ పిల్ల తండ్రి పోర్టులో క్రేన్ నడుపుతాడు. నలుగురిలోనూ ఏ ఒక్కరి కాలికీ బురద అంటిన పాపాన పోలేదు. కార్తీక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లో పుట్టి, ఇరవయ్యారేళ్ళుగా ఇంట్లో కూడా చెప్పులేసుకుని తిరుగుతున్నాడు.

సొహైల్ ఫ్లూటు ఊదడం చూస్తే శ్రీసత్యకు పరాయి ఇంటి పిల్లవాడికి బలవంతాన పథ్యం పెడుతున్నట్టు ఉండేది. అతని తండ్రి పీర్ మహమ్మద్‌కు పాత ఊళ్ళో బ్యాండుమేళం ఉంది. సగం పెళ్ళిళ్ళకు ఊరేగింపు ఆయనదే. సొహైల్ పదేళ్ళ వయసు నుంచే క్లారినెట్ ఊదుతున్నాడు. మొదటి వారం తెచ్చాడు కూడా. అది పలికిన రోజున, ఎన్నడూ లేనిది, ఆవిడ భర్త కామరాజు పేపరు దించి హాల్లోకి వచ్చి నిలబడ్డాడు. అంతలోనే కార్తీక్ చెయ్యెత్తి ఆపేశాడు.

"బావా, పెళ్ళిబ్యాండు సౌండ్ వచ్చేస్తంది. మనది రూట్స్ కదా."

సొహైల్ క్లారినెట్‌ను మూడు ముక్కలుగా విప్పి, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు. మర్నాటి నుంచి వెదురు ఫ్లూటు. దాంట్లోంచి స్వరం కంటే గాలే ఎక్కువ వచ్చేది. ఆ గాలినే కార్తీక్ 'పల్లె ఊపిరి' అనేవాడు.

ఈ సంగతులు చెప్పబోతే కామరాజు నవ్వేసేవాడు. "కుర్రాళ్ళు సత్యా. ఏదో ఒకటి వాయించుకోనీ."

"కాకి పిల్ల కాకికి ముద్దు" అని ఆవిడ కూరలు తరుక్కునేది.

వాళ్ళకు నిజంగా పాట అని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. అది వాళ్ళది కాదు. అదే ఆవిడ కడుపుమంట.

*

యూట్యూబ్ చానెల్ నుంచి చంద్రిక అనే అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తోందని తెలిసిన రోజు, కార్తీక్ హాలును పల్లెటూరు చేశాడు. సోఫా వెళ్ళి పడగ్గదిలో పడింది. ఫ్రిజ్ మీద దుప్పటి కప్పారు. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన కొత్త చేట ఒకటి గోడకు ఎక్కింది. ఒక్క గింజ చెరగలేదు, ఒక్క మూల పేడ అలకలేదు. దాని కింద చాప పరిచి నలుగురూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అనిరుధ్ తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఫ్యాను గాలికి అది ఊడిపోతూ ఉంటే, ఒక చేత్తో డప్పూ ఒక చేత్తో తువ్వాలూ పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు ఫ్రేములోకి రాకు" అన్నాడు కార్తీక్.

"నేను ఉంటే పల్లెటూరు పాడైపోతుందా?"

"నైటీ వేసుకున్నావు కదమ్మా."

శ్రీసత్య వంటింట్లో నిలబడి టీ పెడుతూ అంతా విన్నది. చంద్రిక అడిగింది, మీ మీద ఎవరి ప్రభావం ఉందని. కార్తీక్ ఎడారి దేశాల గిటారు అన్నాడు. ఏకతారతో ఊరూరా తిరిగే పాటగాళ్ళు అన్నాడు. ఉత్తరాంధ్ర మట్టి అన్నాడు. మట్టి అన్నప్పుడు గొంతు కొంచెం దించాడు.

టీపొడి వేస్తూ ఆవిడ తన లెక్క తను చెప్పుకుంది. వీడి చెవిలో మొదట పడింది ప్లాంటు సైరను. తర్వాత కేబుల్ టీవీ. ఏటా టౌన్‌షిప్పు సెక్టారులో వినాయకుడి పందిట్లో తొమ్మిది రోజులు వాయించిన సినిమా పాటలు. సొహైల్‌కైతే వాళ్ళ నాన్న మేళం. ధనశ్రీకి గాజువాక జంక్షన్లో ఆటోలవాళ్ళు పెట్టుకునే పాటలు. ఇవన్నీ నిజంగా మోగినవి కాబట్టి చెప్పుకోవడానికి సిగ్గు. ఎడారి ఏ ఒక్కడూ చూడలేదు కాబట్టి ముద్దు.

"మీ కోడి పాట గురించి చెప్పండి. రీల్స్‌లో చాలా మంది వింటున్నారు కదా" అంది చంద్రిక.

"అదొక మిరకిల్ అండీ" అన్నాడు కార్తీక్. "ఆనందపురం అవతల పొలాల్లో తిరుగుతున్నాం. ఊడుపులు జరుగుతున్నాయి. ఒక అవ్వ వంగి నాటుతూ పాడుతోంది. మేం గట్టు మీద కూర్చుని విన్నాం. అంతే. ఆ పాట మాకు దానం చేసేసింది."

"ఆవిడ పేరు?"

"పేరు కూడా చెప్పలేదండీ. జానపదానికి పేరెందుకు, మట్టికి పేరుంటుందా?"

చంద్రిక 'వావ్' అంది. టీ పొంగి పొయ్యి మీద పడింది.

వాడు ఆనందపురం వెళ్ళింది ఒకే ఒక్కసారి. స్నేహితుడి కారు టైరు పంక్చరైనప్పుడు, హైవే పక్కన దాబాలో కూర్చున్నాడు. పాట ఇచ్చింది అవ్వా కాదు, వంగీ లేదు. ఇదే సెక్టారులో, రెండు వీధుల అవతల క్వార్టర్లో ఉండిన వరహాలు. ఆవిడ భర్త ప్లాంటులో బరువులు మోసే ఖలాసీ. మహిళా సమితి కోలాటాలకు ఆవిడే ముందుండి పాడేది. కార్తీక్ అప్పుడు నాలుగో తరగతి. కోలాటం చుట్టూ పరిగెత్తుతూ ఆ పాటను నోటికి పట్టేశాడు.

*సైరను కూసిందే సిన్నమ్మీ, సల్ది మూట కట్టవే*
*గేటుకాడ నా మావ, గెడ్డమైనా గీయడే*

సైరన్ తీసేసి కోడిని పెట్టారు వీళ్ళు. గేటు తీసేసి గట్టు పెట్టారు. రాత్రి సి షిఫ్టుకు పోయే మొగుడి మీద ఉన్న రెండో చరణాన్ని మొత్తం పీకేసి, నాగలీ నల్లమబ్బూ అంటూ ఏదో కుట్టారు.

కెమెరా వెళ్ళిపోయాక శ్రీసత్య సోఫాకు ఒక కొస పట్టి లాగుతూ అడిగింది. "వరహాలు ఏమైందిరా?"

"ఏమైంది?"

"పాట ఆవిడదని చెప్పడానికి నోరెందుకు రాలేదు?"

కార్తీక్ రెండో కొస ఎత్తాడు. "అమ్మా, ప్రతి పాటకీ ఒక స్టోరీ ఉండాలి."

"ఉన్న స్టోరీ ఏం పాపం చేసింది?"

"కూర్మన్నపాలెంలో కర్రీ పాయింట్ వరహాలమ్మ, టౌన్‌షిప్పు లేడీస్ క్లబ్బు. దీన్ని ఫోక్ అని ఎవడంటాడు? సైరనూ, గేటూ, షిఫ్టూ. ఫోక్ అంటే పల్లె ఉండాలమ్మా."

"మరి గట్టు మీద నిలబడ్డవాడికి గడ్డం గీసుకోవాల్సిన పనేంట్రా? ఎద్దు అడిగిందా? గేటు దగ్గరైతే పాసు మీది ఫోటోతో మొహం పోల్చి చూస్తారు. గడ్డం పెరిగితే నువ్వేనా అని నిలబెడతారు. మీ నాన్న ఎన్నిసార్లు నిలబడలేదు? అందుకు ఆ మాట. మీరు గేటు పీకేసి గట్టు పెట్టారు, గడ్డం మాత్రం ఉంచేశారు. అబద్ధం ఆడినా అతికినట్టు ఆడాలి."

ధనశ్రీ గ్లాసులు సింకులో పెట్టి వస్తూ తలుపు దగ్గర ఆగింది. "నానూ అదే అడిగాను ఆంటీ. సైరనుతోనే పాడతానన్నాను. మా నాన్నకీ షిఫ్టులే కదా. కార్తీకే వద్దన్నాడు."

"నీ గొంతు చూసుకో ముందు. ఇంకా సిటీగానే ఉంది" అన్నాడు కార్తీక్.

ఆదివారం సాయంత్రం బీచ్‌రోడ్డులో వాళ్ళ మొదటి పెద్ద ప్రోగ్రాం. ఆ వేదిక మీద వరహాలు పేరు చెప్పించి తీరాలని శ్రీసత్య సోఫా గోడకు ఆనేలోపే అనుకుంది. కొడుకు మీద కోపమా, వరహాలు మీద అభిమానమా అని ఎవరైనా నిలదీస్తే, కోపమే ముందుండేది.

*

కూర్మన్నపాలెం జంక్షన్లో వరహాలు కర్రీ పాయింటుకు బోర్డు అక్కర్లేదు. ఆవిడ గొంతే బోర్డు. శ్రీసత్య బస్సు దిగేసరికే "గుత్తొంకాయ రెండు, పప్పుచారొకటి" అని లోపలికి వేస్తున్న కేక వినిపించింది. అరవై దాటినా ఆ గొంతులో ఒక్క పోగు తెగలేదు. చిలకాకుపచ్చ చీర, మెడలో రెండుపేటల గొలుసు. గరిటెడు చారు కవర్లో పోసి, మూతి పట్టుకుని గాల్లో గిరగిరా తిప్పి, ముడేసి, అవతలవాడి చేతిలో పెట్టేవరకూ ఒకే ఊపు.

"ఏటి సత్యమ్మా, దారి తప్పినావా? కూచో. పనసపొట్టు కూరుంది, కట్టీమంటావా?"

"కూరకు రాలేదు వరహాలు గారూ. మీ పాట గురించి వచ్చాను."

శ్రీసత్య చెప్పింది. ఆనందపురం అవ్వ దగ్గరికి వచ్చేసరికి వరహాలు గరిటె ఆగింది.

"అవ్వా?"

"అవ్వే."

"వొంగి నాటుతున్నాదా?"

"అవును."

"నా నడుం వొంగి ఎన్నాళ్ళయినాదో ఆ గుంటడికి తెలుసునా?" అని గట్టిగా నవ్వి, లోపలికి తిరిగి, "ఏమే, ఇన్నావా? నానిప్పుడు అవ్వనంట" అని కోడలికి వినిపించింది. లోపల నుంచి జవాబు రాలేదు. వరహాలు నవ్వు ఆగింది. "దానికి నాను పాడతానంటే నమ్మకం నేదు. క్లబ్బులో నాను పాడితే జీఎమ్ గారి భార్య సప్పట్లు కొట్టినాదని సెప్తే, ఫోటో ఉందా అంటాది."

"నేనున్నాను కదా సాక్ష్యం."

"నువ్వా? నీ కోల ఎప్పుడూ పక్కోళ్ళ ఏలికే తగిలీది. నా పాట నువ్వెక్కడ ఇన్నావు?" అని మళ్ళీ నవ్వింది. తర్వాత గరిటె గిన్నె అంచున ఆనించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "సత్యమ్మా, నాకు డబ్బులొద్దు, సాలువా వొద్దు. మైకులో నా పేరు సెప్పమను. అంతే. మా కోడల్ని ముందు వరసలో కూకోబెడతాను. దాని సెవులారా ఇనాల."

"చెప్పిస్తాను" అంది శ్రీసత్య.

"నీ కొడుకు నీ మాటింటాడా?"

ఆ ప్రశ్నకు శ్రీసత్య పనసపొట్టు కూర కట్టమంది.

వాడు వినలేదు. శుక్రవారమంతా ఇంట్లో మాటలు లేవు. శనివారం మధ్యాహ్నం ఒక సంచి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. ఎర్రటి గళ్ళ నేతచీర, ముతకది. గోనెసంచికి అంచు కుట్టినట్టుంది.

"ఆవిడని తీసుకురా. ఇది కట్టించి తీసుకురా. చెప్పులొద్దు. బొట్టు కొంచెం పెద్దది. స్టేజి మీదికి పిలుస్తాను. నీ కోరిక తీరుతుంది."

"పేరు చెప్తావా?"

"చెప్తాను. ఆనందపురం వరహాలమ్మ అని చెప్తాను. ఆవిడ ఒక దండం పెట్టి దిగిపోతే చాలు. ఇంటర్వ్యూ బయటికి వచ్చేసింది కదమ్మా, ఇప్పుడు మార్చలేను."

ఉప్పూ కారం తిన్న ఇంట్లో ఇంత చప్పిడి మనిషి ఎలా పుట్టాడని శ్రీసత్య కొడుకును తేరిపార చూసింది. నుదురు తండ్రిది. ముక్కు తనదే. మిగతాది ఎవరిదో అంతు చిక్కలేదు. సంచి మడిచి పక్కన పెట్టింది. వరహాలుకు చూపించకూడదనుకుంది. పారేయకూడదనీ అనుకుంది. అవసరమైతే నలుగురిలో కొడుకు మొహాన కొట్టడానికి పనికొస్తుంది.

*

ఆదివారం కామరాజుకు బి షిఫ్టు. మధ్యాహ్నమే డ్యూటీకి వెళ్ళిపోతూ, "నా వంతు చప్పట్లు కూడా నువ్వే కొట్టు" అన్నాడు. ఆవిడ ఆ సంచి చంకలో పెట్టుకుని ఒక్కతే బస్సెక్కింది.

బీచ్‌రోడ్డు పక్కన ఇసక మీద వేదిక వేశారు. వెనక తెర మీద ఎడ్లబండి బొమ్మ. సముద్రపు గాలి మైకుల్లో బుసకొడుతోంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఐస్‌క్రీములు తింటున్న కుటుంబాలు, ఫోన్లెత్తి పట్టుకున్న పిల్లలు. మట్టివేళ్ళు నలుగురూ పంచెలతో, లంగావోణీతో వేదిక పక్కన నిలబడి, కాళ్ళకు అంటిన ఇసక దులుపుకుంటున్నారు. శ్రీసత్యకు నవ్వు కూడా రాలేదు. మట్టి పేరు పెట్టుకున్నవాళ్ళకు ఇసకే ఓర్చుకోరానిదైంది.

వరహాలు ఆటో దిగింది. వంకాయరంగు పట్టుచీర, జళ్ళో కనకాంబరాలు, చేతిలో నల్ల హ్యాండ్‌బ్యాగు. వెనక కోడలు ఫోన్ చూసుకుంటూ నడిచింది. ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. కూర్చోగానే వరహాలు కన్ను సంచి మీద పడింది.

"ఏటది?"

"ఏం లేదు."

వరహాలు సంచిలో చెయ్యి పెట్టి కొస బయటికి లాగింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. "నాకేనా?"

శ్రీసత్య తల ఊపింది. దాచి ప్రయోజనం లేదు. "అది కట్టుకుని, చెప్పుల్లేకుండా వస్తే పిలుస్తాడట. ఆనందపురం అని చెప్పాలట."

వరహాలు చీరను తిరిగి సంచిలో కుక్కింది. "మా షాపులో పొయ్యి మీంచి గిన్నెలు దించడానికి ఇలాటి గుడ్డే వాడతాం. మంచిదే, సెయ్యి కాలదు" అని సంచిని కుర్చీ కిందికి తోసి, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. వేదిక మీంచి కార్తీక్ చూశాడు. పట్టుచీర చూశాడు, కనకాంబరాలు చూశాడు. గిటారు తీగలు సవరించుకోవడానికి తల దించేశాడు. ఇక పిలవడని శ్రీసత్యకు అర్థమైంది.

మంచిదే అనుకుంది. ఇప్పుడు కోడి కూస్తుంది, గట్టు వస్తుంది. తన సైరనుకు ఏ గతి పట్టించారో వరహాలు చెవులతో వింటుంది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఈ ఇసక మీదే వీళ్ళ వేళ్ళు బయటపడతాయి.

డప్పు మొదలైంది. అనిరుధ్ కొత్త మూత వేయించినట్టున్నాడు, టకటకమంది. ఫ్లూటులోంచి గాలి వచ్చింది. ధనశ్రీ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

*కోడి కూసిందే సిన్నమ్మీ, సల్ది మూట కట్టవే*
*గట్టుకాడ నా మావ, గెడ్డమైనా గీయడే*

శ్రీసత్య వరహాలు వైపు తిరిగింది, ఆ మొహంలో మంట చూద్దామని.

మంట లేదు. హ్యాండ్‌బ్యాగు పిడి మీద తాళం వేస్తున్న వేలు ఆగిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. రెండోసారి 'గట్టుకాడ' దగ్గరికి వచ్చేసరికి పెదాలు పాటతో పాటు కదిలాయి, చప్పుడు లేకుండా.

"ఈ గుంటకీ మాట ఎవలు సెప్పినారు?" అంది పాట మధ్యలో.

"ఎవరూ చెప్పలేదు. వీళ్ళే మార్చేశారు. మీ సైరన్ తీసేసి కోడిని పెట్టారు. అదే కదా నేను మొత్తుకుంటున్నది."

"సైరను నానెట్టిందే, సత్యమ్మా."

"అంటే?"

"ముందు కోడే. మా అత్తది ఈ పాట. ఊడుపుల్లో ఎత్తుకునీది. ఊరు ప్లాంటుకి పోనాక, క్వార్టర్లోకొచ్చినాక, నీలాటి సదుంకున్నోళ్ళ ముందు కోడీ గట్టూ అంటే మొరటోళ్ళం అనుకుంటారని నానే మార్చీసినాను. కోడిని తీసీసి సైరనెట్టినాను. గట్టు తీసీసి గేటెట్టినాను."

 శ్రీసత్య తన కాళ్ళ కింద మిగిలిన ఒక్క రాయిని వెతుక్కున్నట్టు అడిగింది. "మరి గడ్డం? గట్టు మీదవాడికి గడ్డం ఎందుకు?"

వరహాలు ఆవిడ వంక వింతగా చూసింది. "గట్టు మీద మగోడు నిలబడితే మడిలో ఉన్న ఆడోళ్ళందరూ తలెత్తి సూడరా? మొగుడు అలగ మాసి నిలబడితే పెళ్ళానికి నామోసీ కాదా?"

వేదిక మీద రెండో చరణం మొదలైంది. నాగలి, నల్లమబ్బు. వరహాలు మొహం చిట్లించింది. "ఇది మటుకు సెత్త. పైగా ఇంత బేగి పాడితే ఊడుపుకి నడుం పట్టీసి సస్తారు." అని ఊరుకుంది. కోడలు ఫోన్ దించి అత్త వైపు చూస్తోంది.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఐస్‌క్రీము చేతుల్లో ఉన్నవాళ్ళు ఈల వేశారు. కార్తీక్ మైకు దగ్గరికి వచ్చాడు. ముందు వరస వైపు చూడకుండా, గొంతు దించి, "ఈ పాట మాకిచ్చిన అవ్వ పేరు కూడా మాకు తెలీదు. మట్టికి పేరుంటుందా..." అన్నాడు.

శ్రీసత్య సగం లేచింది. 'వరహాలు' అన్న పేరు నాలుక చివర ఉంది. మూడు రోజుల నుంచి దాన్ని నోట్లో పదును పెట్టుకుంటోంది. లేవబోతుంటే మణికట్టు పట్టుకుని కిందికి లాగింది ఒక చెయ్యి. లాగి, వరహాలే లేచింది.

"కాంతం."

కూరల కేక గొంతు. గాలిని కోసుకుంటూ వెళ్ళింది. కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. కార్తీక్ నోరు మైకు ముందు తెరిచి ఉండిపోయింది.

"పాటావిడ పేరు కాంతం. మా అత్త. పేరుంది బాబూ. సెప్పు."

 కార్తీక్ అనిరుధ్ వైపు చూశాడు. అనిరుధ్ తువ్వాలు సర్దుకున్నాడు. ధనశ్రీ రెండడుగులు ముందుకు వేసి, తన మైకులో, తెచ్చిపెట్టుకున్న మొరటుతనం లేకుండా, మామూలు గాజువాక గొంతుతో అంది. "ఈ పాట కాంతం గారిది."

రెండు మూడు చప్పట్లు పడ్డాయి. అంతకంటే ఎక్కువ పడలేదు. వాళ్ళకు తర్వాతి పాట కావాలి. వరహాలు కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"మీ పేరు?" అంది శ్రీసత్య.

"ఒద్దులే. రెండు పేర్లు సెప్తే ఎవలికీ గుర్తుండదు" అంది వరహాలు. ఆ మాట అనడానికి ఆవిడకు కష్టమైందని, హ్యాండ్‌బ్యాగును తెరిచి ఏమీ తీయకుండా మూసిన తీరులో తెలిసింది.  కోడలు జారిపోయిన కనకాంబరాల దండను పైకి తీసి అత్త జళ్ళో మళ్ళీ గుచ్చింది.

ప్రోగ్రాం అయ్యాక కార్తీక్ వేదిక దిగి వచ్చాడు. పోట్లాటకు వచ్చాడనే శ్రీసత్య అనుకుంది. జవాబులు సిద్ధం చేసుకుంది కూడా. వాడు తల్లి వైపు చూడలేదు. చెప్పుల్లేని కాళ్ళతో వరహాలు కుర్చీ ముందు నిలబడి అడిగాడు. "కాంతం గారిది ఏ ఊరండీ?"

అంత చిన్న ప్రశ్న వాడు ఈ పాట గురించి అడగడం ఇదే మొదలు.

వరహాలు ఊరి పేరు చెప్పింది. కార్తీక్‌కు అది ఎక్కడుందో తెలియలేదు. "ఆనందపురం వైపా?" అన్నాడు.

"ఆనందపురం ఎందుకొస్తాది మజ్జిన?" వరహాలు లేచి, చెయ్యి చాపి, హార్బరు పక్కనున్న కొండను చూపించింది. "అదిగో, ఆ కొండెనకాల. మీ నాయన ఇప్పుడేడున్నాడు?"

"డ్యూటీలో. కోక్ ఓవెన్స్‌లో."

"ఆ బొగ్గుపొయ్యిల బేటరీల కాడే మా అత్త మడి. గట్టు కూడా అక్కడే."

కార్తీక్ కొండ వైపు చూశాడు. కొండ పైన ఆకాశం ప్లాంటు వెలుగుకు కొంచెం ఎర్రగా ఉంది. పుట్టినప్పటి నుంచీ వాడు చూస్తున్న ఎరుపే. ఇంటికి దారి ఎటో దాన్ని బట్టే పోల్చుకుంటాడు. వాడు తల్లి వైపు తిరిగాడు.

"నీకు తెలుసామ్మా?"

ఇరవయ్యేళ్ళు ఆ పాటకు కోలలు వేసింది. మూడు రోజులుగా ఆ పాట కోసం ఇంట్లో పోట్లాడింది. గేటు ఎందుకో, గడ్డం ఎందుకో విడమరిచి చెప్పింది.

"తెలీదు" అంది శ్రీసత్య. వంగి, కుర్చీ కింద ఇసకలో కూరుకుపోయిన చీర సంచిని బయటికి లాగింది.